గేన్యా చోచా కిటికీ కబుర్లు

గేన్యా చోచా నోట్లో నువ్వుగింజ నానదని ఆ వీధిలో పాలుతాగే పిల్లలక్కూడా తెలుసు. పొద్దున బేకరీ దగ్గర ఆవిడ చెవిన పడిన మాట, సాయంత్రం ట్రామ్ దిగే మగవాళ్ళకి చిలవలూ పలవలూ మొలిచి ఎదురొచ్చేది. అందుకే ఆ వేసవిలో పదేళ్ళ ఇర్కా చీకటికి భయపడలేదు, ఫాదర్ గారు చెప్పే నరకానికీ భయపడలేదు. ఎదురింటి గేన్యా చోచాకి భయపడింది.

చోచా అంటే అత్త. పోలండ్ నుంచి వచ్చినవాళ్ళ ఆ వీధిలో అత్తరికానికి చుట్టరికంతో పనిలేదు. నీ ముక్కు తుడవడానికీ, నీ వీపు మీద ఒకటి వెయ్యడానికీ చెయ్యెత్తగలిగిన ప్రతి ఆడమనిషీ చోచాయే. వాళ్ళందరిలోకీ గేన్యా చెయ్యి పెద్దది, గొంతు ఇంకా పెద్దది. ఆవిడ మొగుడు స్తాఖ్ ఓడరేవు హోరులో మూటలు మోస్తూ మోస్తూ సగం చెవుడు తెచ్చుకున్నాడు. దేవుడు అంతో ఇంతో దయగలవాడేనని వీధివాళ్ళు అనుకునేవారు.

రెండో ప్రపంచయుద్ధం అయిపోయి రెండేళ్ళయింది. అమెరికాలో, బాల్టిమోర్ రేవు వెనక ఇటుక ఇళ్ళు భుజం భుజం ఆనించుకుని నిలబడి ఉండేవి, అన్నీ ఒకే అచ్చులో పోసినట్టు. ఏ ఇంటికాయింటి ముందు తెల్లటి పాలరాతి మెట్లు. శనివారం వచ్చిందంటే ఆడవాళ్ళందరూ మోకాళ్ళ మీద కూర్చుని, పొడి చల్లి, గరుకురాయితో వాటిని తోమేవారు. ఆ ఇంట్లో వాళ్ళు ఏం తింటారో, ఎలా బతుకుతారో అడగనక్కర్లేదు. మెట్లు చూస్తే పరువెంతో తెలిసిపోయేది. గాలి రేవు వైపు నుంచి వస్తే మసాలా దినుసుల ఫ్యాక్టరీ వాసన వీధి నిండా కమ్ముకునేది, ఒక రోజు దాల్చినచెక్క, ఒక రోజు మిరియాలు. ఎదురు వైపు నుంచి వస్తే ఉక్కు మిల్లు ఎర్రదుమ్ము. ఇర్కా పొద్దున్నే కళ్ళు తెరవకముందే, దుప్పట్లోంచే, గాలి ఎటుందో చెప్పగలిగేది. పెద్దయ్యాక ఎప్పుడు కలగన్నా ఆ వీధి ముందు వాసనగానే వచ్చేది, తర్వాతే ఇళ్ళు, మెట్లు, మనుషులు.

ఇక జాలీల సంగతి. ఆ ఇళ్ళ కిటికీలు నేరుగా నడకబాట మీదికే తెరుచుకుంటాయి. దారినపోయేవాడు తల తిప్పితే చాలు, నీ పళ్ళెంలో ఏముందో కనపడుతుంది. అలాగని ఎండాకాలం కిటికీ మూసుకుంటే లోపల ఉడికిపోవాల్సిందే. అందుకని అక్కడివాళ్ళు దోమల జాలీ మీద బొమ్మ వేయించుకునేవారు. ఎర్రకప్పు ఇల్లు, దాని వెనక కొండలూ చెట్లూ, ముందు చెరువు, చెరువులో హంసలు, గుమ్మం దాకా వంపులు తిరిగిన బాట. వీధి పొడుగునా అదే బొమ్మ, హంస ఒకటి అటో ఇటో. బయటినుంచి చూసేవాడికి ఆ బొమ్మే కనపడుతుంది. లోపల కూర్చున్నవాళ్ళకి బొమ్మ ఉండదు, పల్చటి మంచులోంచి చూసినట్టు వీధంతా ఉంటుంది. జాలీ వెనక మనిషి ఉందో లేదో తెలియదు కాబట్టి, ఉన్నట్టే లెక్కేసి పలకరించి పోవడం ఆ వీధి మర్యాద. బాగున్నారా అని ఎర్రకప్పు ఇంటిని అడిగి, జవాబు వస్తే నిలబడేవారు, రాకపోతే సాగిపోయేవారు. బయటి ఊరివాడెవడైనా చూస్తే వీధంతా మతిపోయి హంసలతో మాట్లాడుతోందనుకునేవాడు.

ఇర్కా తల్లి రొజాలియా ఎప్పుడూ ఆ జాలీ వెనక మనిషే. దర్జీల ఫ్యాక్టరీ నుంచి వచ్చే చొక్కాలకు కాజాలు కుడుతూ పొద్దస్తమానం కిటికీ దగ్గర కూర్చునేది. మాట తక్కువ మనిషి. ఎవరైనా పలకరిస్తే, సూది గుచ్చుకోకుండా వేలికి తొడుక్కునే ఇత్తడి టోపీతో కిటికీ చెక్క మీద టక్కుమనిపించేది. ఒక టక్కంటే అవును, రెండు టక్కులంటే కాదు.

"ఒసే రోజా! దేవుడు నీకు నాలుక ఇవ్వడం మర్చిపోయాడే," అని గేన్యా చోచా తన మెట్ల మీంచి అరిచేది. "నాకు రెండిచ్చాడులే. అందులో ఒకటి నీదై ఉంటుంది."

టక్.

"చూశారా, ఒప్పుకుంది!"

ఆ వసంతంలో రొజాలియాకి దగ్గు పట్టుకుంది. ముందు పొడిదగ్గు, తర్వాత చేతిగుడ్డ దాచుకునే దగ్గు. ఆ జబ్బు పేరు ఆ రోజుల్లో ఎవరూ నోటితో పలికేవారు కాదు. పక్క వీధిలో ఒకాయనకి అదే జబ్బని తెలిశాక ఆయన పిల్లలతో ఎవరూ గచ్చకాయలాడలేదు, ఆ ఇంటి ముందు నడవాల్సి వస్తే రోడ్డు దాటి అవతలి వైపు పోయేవారు. చివరికి వాళ్ళు బండిలో సామాను వేసుకుని ఎటో వెళ్ళిపోయారు.

జూన్‌లో దివ్యసత్ప్రసాద పండుగ వచ్చింది. ఊరేగింపుకి వీధి వీధంతా కదిలింది. ఇర్కా తెల్లగౌను వేసుకుని, బుట్టలోంచి పూలరేకులు చల్లుతూ, ఫాదర్ ముందు వెనక్కి వెనక్కి నడిచింది. ఎండలో ధూపం పొగ మెల్లగా సుళ్ళు తిరుగుతుంటే, తానూ రేకులతోపాటు గాల్లో తేలుతున్నట్టనిపించింది. ఇంటికొచ్చేసరికి అమ్మ కుర్చీ ఖాళీగా ఉంది. ఇత్తడి టోపీ కిటికీ చెక్క మీద ఉంది.

తండ్రి ఫ్లోరియన్ ఇర్కాని ఒళ్ళోకి తీసుకున్నాడు. ఉక్కుమిల్లు కొలిమి దగ్గర పనిచేసే ఆయన చేతులు అప్పుడు చల్లగా ఉన్నాయి.

"అమ్మ కొండల్లోకి వెళ్ళింది తల్లీ. ఆస్పత్రికి. అక్కడ మంచి గాలట, చెట్లట. నయమైతే వచ్చేస్తుంది."

"నేను చూడ్డానికి పోవచ్చా?"

"పిల్లల్ని రానివ్వరమ్మా. ఇంకో మాట, బాగా విను. ఈ సంగతి వీధిలో పొక్కకూడదు. పొక్కిందంటే మీ క్లెమెంతీనా అత్త చెవిన పడుతుంది. ఆడదిక్కు లేని కొంపలో పిల్ల ఎలా పెరుగుతుందని వచ్చి నిన్ను స్క్రాంటన్ తీసుకుపోతుంది. ఆ మాటంటే నేను ఏం జవాబు చెప్పాలి? అమ్మకి కాళ్ళు వాచాయి, డాక్టరు లేవొద్దన్నాడు, కిటికీ దగ్గరే కూర్చుంటోంది. ఎవరడిగినా అదే చెప్పు."

"అత్తకి ఎవరు చెప్తారు నాన్నా?"

ఫ్లోరియన్ జాలీలోంచి ఎదురింటి వైపు చూశాడు. గేన్యా, క్లెమెంతీనా ఒకే పల్లెలో పుట్టి ఒకే ఓడలో వచ్చినవాళ్ళు. ఇప్పటికీ ఒకరి కబురు ఒకరికి చేరాల్సిందే.

స్క్రాంటన్‌ని ఇర్కా ఒకసారి చూసింది. బొగ్గు ఊరు. అత్త ఇంటికి చెక్క వరండా ఉంది గానీ దాని మీద ఎవరూ కూర్చోరు. అక్కడ అందరూ తలుపులు వేసుకుని, గడియారం చప్పుడు వింటూ భోంచేస్తారు. అక్కడికి పంపేస్తే తాను చచ్చిపోతానని ఇర్కా గట్టిగా నమ్మింది. పదేళ్ళ పిల్ల నమ్మకం కదా, అంతకంటే గట్టిది ఏముంటుంది.

అలా ఆ వేసవి మొదలైంది. పొద్దున్నే తండ్రి ట్రామెక్కాక, ఇర్కా కిటికీ ఎత్తేది. రేడియో సన్నగా పెట్టేది. మెట్లు దిగుతూ జాలీ వైపు తిరిగి, "వస్తానమ్మా!" అని వీధికి వినపడేలా అరిచేది. దీపం వెలిగిస్తే బయటివాళ్ళకి గది కనపడిపోతుంది కాబట్టి పొద్దుగూకే వేళ ముందుగదిలో దీపం లేకుండా తానే ఆ కుర్చీలో కూర్చునేది, వేలికి ఇత్తడి టోపీ తొడుక్కుని. అది వదులై జారిపోతుంటే లోపల గుడ్డపీలిక కుక్కుకుంది.

ఆ కుర్చీలోంచి వీధి ఎంత అందంగా ఉండేదో చెప్పలేం. నిప్పులాంటి పగలు చల్లబడేది. కూరగాయలమ్మే గుర్రబ్బండి మువ్వలు మోగించుకుంటూ మంచులోంచి వచ్చి మంచులోకి పోయేది. పిల్లలు ఐసు తురుము మీద ఎర్రపాకం పోయించుకుని మూతులు ఎర్రగా చేసుకుని పరిగెత్తేవారు. ఎవరింట్లోనో కారం చల్లి ఉడికించిన పీతలు కాగితాల మీద కుమ్మరించేవారు, పెంకులు పగలగొట్టే సుత్తుల చప్పుడు, నవ్వులు. దూరంగా మిల్లు వాళ్ళు కరిగిన మడ్డి పారబోస్తే ఆకాశం ఒక్కసారి ఎర్రబడి మళ్ళీ మామూలయ్యేది. ఇదంతా అమ్మ ఇన్నేళ్ళూ చూసిందన్నమాట, అనుకునేది ఇర్కా. కొండలు, చెట్లు అని నాన్న చెప్పాడు కదా. జాలీ మీద ఉన్నదీ అదే కదా. నిద్ర కమ్ముకొస్తుంటే ఆ వంపుల బాట వెంట తానే నడిచి, హంసలకి అడ్డంరాకుండా చెరువు చుట్టి, ఎర్రకప్పు ఇంటి తలుపు దాకా పోయేది. లోపలినుంచి కాజాలు కుట్టే దారం చప్పుడు వినపడేది. తలుపు తట్టబోతుండగా ఎదురింటి మెట్ల మీంచి గొంతు లేచేది.

"రోజా! కాళ్ళు తగ్గాయా?"

ఇర్కా ఉలిక్కిపడేది. టక్, టక్.

"ఉప్పునీళ్ళలో పెట్టావా?"

టక్.

"ఇవాళ మా స్తాఖ్ ఏం చేశాడో చెప్పనా?"

టక్.

ఇక ఆవిడ మొదలెట్టేది. వీధి నవ్వేది. ఇర్కా మాత్రం తలుపు గడియ వైపే చూస్తూ ఉండేది. ఎప్పుడు లేచి రోడ్డు దాటి వచ్చి తలుపు తోస్తుందోనని.

గేన్యా ఎవరింటి తలుపు తట్టి ఎరగదు, తోసుకుని పోవడమే. ఆవిడ పెరిగిన తీరే అంత. ఎనిమిదేళ్ళప్పుడు పెట్టె మీద నిలబెట్టి టమాటా డబ్బాల ఫ్యాక్టరీలో తొక్కతీయించారు. ఎండాకాలం చిక్కుడుతోటల్లో, చలికాలం మూటాముల్లె కట్టుకుని రైలెక్కి దక్షిణాన సముద్రం ఒడ్డున ఆలిచిప్పలు కొట్టడంలో బాల్యం అయిపోయింది. బడి గడప తొక్కలేదు. ఏటా సెప్టెంబరు వస్తే ఇప్పటికీ ఆ టమాటా ఫ్యాక్టరీ పనికే పోయేది. పది కుటుంబాలు ఒక రేకుల షెడ్డులో పడుకునేచోట తలుపులెక్కడివి, గుట్లెక్కడివి. ఎవరి కడుపునొప్పైనా అందరికీ తెలియాల్సిందే. లేకపోతే తెల్లారేసరికి మనిషి మిగలదు. ఆ అలవాటే ఆవిడ నోటికి అంటుకుని ఉండిపోయింది. ఒక్కగానొక్క కొడుకు ఎదెక్ యుద్ధానికి పోయి తిరిగి రాలేదు. కిటికీలో ఆ కుర్రాడి పేర బంగారు నక్షత్రం జెండా వేలాడుతూ ఉండేది. దాని గురించి మాత్రం ఆవిడ ఎవరితోనూ మాట్లాడేది కాదు.

ఆవిడ ఇర్కాని వదిలిపెట్టలేదు. శనివారం ఇర్కా మోకాళ్ళ మీద కూర్చుని మెట్లు తోముతుంటే నడుం మీద చేతులేసుకుని నిలబడేది.

"ఏమే, మెట్టుని తోముతున్నావా, జోకొడుతున్నావా? ఇలా తోమితే ఫాదర్ గారు కాలుజారి పడి పుణ్యలోకానికి పోతారు. లే అవతలికి!" గరుకురాయి లాక్కుని, గొణుక్కుంటూ, మెట్లన్నీ తానే తోమి, నీళ్ళు కుమ్మరించి పోయేది.

ఇంకోరోజు జడ పట్టుకుని ఆపింది. "మీ అమ్మకి కాళ్ళు నొప్పా, కళ్ళు నొప్పా? ఈ జడేంటే, ఎలక కొరికినట్టు?"

"అ... అమ్మకి చేతులు కూడా నొప్పిగా ఉన్నాయి చోచా."

"ఇవాళ చేతులా. రేపు చెవులు కూడా పోతాయి కాబోలు." అక్కడే మెట్టు మీద కూలేసి, కళ్ళలో నీళ్ళొచ్చేలా బిగించి అల్లి పంపింది. ఆ బిగువు మర్నాటిదాకా వదల్లేదు. ఇర్కాకి ఏడుపొచ్చింది, అనుమానం వచ్చేసిందేమోనని.

తినడానికి కూడా అంతే. మూతపెట్టిన గిన్నె తెచ్చి చేతిలో పెట్టేది. "బీట్‌రూట్ చారు. ఉప్పెక్కువై మా ఆయన ఛీ అన్నాడు. మీ అమ్మకి రుచీ పచీ తెలీదుగా, ఇవ్వు." ఇర్కా అవమానంతో కుతకుతలాడుతూ తీసుకునేది. తిని చూస్తే ఉప్పు సరిగ్గానే ఉండేది. ముసల్దానికి నాలుక పోయిందనుకునేది.

ఆగస్టులో కొంప మునిగినంత పనైంది. జాలీలకు బొమ్మలు వేసే ఓత్మార్ రంగుడబ్బాల బండితో వీధిలోకి వచ్చాడు. వర్షాలకీ మిల్లు దుమ్ముకీ వెలిసిపోయిన బొమ్మలకి ఆయన ఏటా కొత్తరంగు పూసేవాడు. ఆ పనికి జాలీని కిటికీలోంచి ఊడదీసి గోడకి ఆనించాలి, ఆరేదాకా అలాగే ఉంచాలి. వసంతంలోనే ఫ్లోరియన్ రమ్మన్నాడట. పాపం ఆయన ఆ మాట మర్చిపోయాడు.

ఇర్కా పరిగెత్తుకొచ్చేసరికి ఓత్మార్ చేతిలో మరతిప్పే పనిముట్టు ఉంది. "రొజాలియా గారూ, ఒక్క పూట ఓపిక పట్టండి," అని ఎర్రకప్పు ఇంటికి దణ్ణం పెడుతున్నాడు. చుట్టూ మెట్ల మీద ఆడవాళ్ళు చిక్కుళ్ళు ఒలుచుకుంటూ చూస్తున్నారు. ఒక మర ఊడింది.

"ఏయ్, హంసల తాతా!" గేన్యా చోచా ఏప్రన్‌కి చేతులు తుడుచుకుంటూ రోడ్డు దాటింది. "ఏం చేస్తున్నావక్కడ?"

"రంగు వెయ్యమన్నారమ్మా."

"నీ రంగు కంపుకి మనిషి కళ్ళు తిరిగి పడిపోతుందయ్యా. కాళ్ళ వాపు మనిషి, నీకు తెలీదూ? పెట్టెయ్ ఆ మర."

"కానీ బొమ్మ వెలిసిపోయిందమ్మా, చూడండి, హంసకి మెడ లేదు."

"మెడ లేకపోతే ఈదదా? కిందటేడు నువ్వు మా జాలీ మీద వేసింది హంసనుకున్నావా? మా ఆయన దాన్ని చూసి, బాతుకి గజ్జి పట్టిందన్నాడు. ముందు దాని సంగతి చూడు. పద, పద!"

ఆడవాళ్ళు పకపకా నవ్వారు. ఓత్మార్ సణుక్కుంటూ మర బిగించాడు. గేన్యా చోచా ఆయన్ని చెవి పట్టుకుని లాక్కెళ్ళినట్టు తనింటికి తీసుకుపోయింది. ఇర్కా జాలీకి వీపు ఆనించి నిలబడి మేరీమాతకి మొక్కుకుంది. గట్టెక్కానంటే ఆ తల్లి దయేననుకుంది.

సెప్టెంబరు చివర్లో ఇర్కాకి గొంతునొప్పీ జ్వరమూ వచ్చాయి. తండ్రి మెడకి ఉన్నిగుడ్డ చుట్టి, బడికి పోవద్దని చెప్పి మిల్లుకి వెళ్ళాడు. మధ్యాహ్నం వీధి ఖాళీ. పిల్లలు బడిలో, మగవాళ్ళు పనిలో. ఆ రోజు గాలి దాల్చినచెక్క వాసనేస్తోంది. ఇర్కా దుప్పటి కప్పుకుని కుర్చీలో ముడుచుకుని, నిద్రా మెలకువా కాని జ్వరంలో, మళ్ళీ ఆ వంపుల బాట వెంట పోతోంది. తలుపు దాకా వచ్చేసింది కూడా.

అప్పుడు జాలీ మీద నీడ పడింది.

గేన్యా చోచా. ఫ్యాక్టరీ ఏప్రన్ ఇంకా విప్పలేదు, టమాటా రసం మోచేతుల దాకా ఎండిపోయి ఉంది. ఇంత పెందలాడే ఎందుకొచ్చిందో. ఇర్కా ఊపిరి బిగబట్టింది. ఇటునుంచి చూస్తే ఆ మొహం జానెడు దూరంలో ఉంది. అటునుంచి ఆవిడకి కనపడేది మెడలేని హంస.

"రోజా," అంది. అరవలేదు. ఆ గొంతు అంత చిన్నగా కూడా పలుకుతుందని ఇర్కాకి తెలియదు. "నీ కూతురు బడినుంచి వచ్చేలోపు ఈ మాట చెప్పడం నేను నేర్చుకోవాలే. నువ్వు విను."

కిటికీ చెక్క మీద ఆవిడ వేళ్ళు ఆనాయి.

"ఇర్కా, తల్లీ, మీ అమ్మ... ఛీ, ఇలా కాదు. ఇర్కా, దేవుడు మీ అమ్మని... ఊహూ. దేవుణ్ణి ముందే తెస్తే పిల్లకి ఆయన మీద కోపమొస్తుంది. ఆయన్ని తర్వాత చూద్దాం." ముక్కు చీదింది. "పొద్దున నిద్రలోనే పోయావటగా. నొప్పి లేకుండా పోయావని చెప్పారట. వీధికంతటికీ ఒక్కటే ఫోను కదా, బేకరీ తోమాష్‌కి కబురొస్తే పిండి చేతులతో మా ఫ్యాక్టరీ గేటు దాకా పరిగెత్తుకొచ్చాడు. నోరు తెరుస్తాడు, మూస్తాడు. చివరికి నేనే అడిగాను, రోజాయేనా అని."

ఇర్కా కదల్లేదు. జ్వరం ఉన్నట్టుండి ఒంట్లోంచి ఎక్కడికో పోయి, ఒళ్ళంతా తేలికైపోయింది. వింటున్నది తాను కాదు, వేరే ఎవరో పిల్ల అనిపించింది.

"ఊరేగింపు రోజున నిన్ను తీసుకుపోతుంటే చూశానే. ఆనెకాయ నొప్పని నేను ఇంట్లోనే ఉండిపోయా. నా జాలీ వెనకే ఉన్నా. దుప్పట్లో చుట్టుకుని, బండెక్కేముందు వీధిని ఈ చివర్నుంచి ఆ చివరిదాకా చూసుకున్నావు. బయటికొద్దామనుకున్నా. వస్తే సిగ్గుపడతావని రాలేదు. మర్నాటికి వీధంతా చెప్పేశా. ఆపుకోలేకపోయా రోజా, నా సంగతి నీకు తెలుసుగా. చెప్పేశాక బుద్ధొచ్చింది. మళ్ళీ ఇంటింటికీ పోయాను. మనకి తెలుసని ఆ పిల్లకి తెలిసినా, స్క్రాంటన్‌కి ఒక్క ముక్క చేరినా, మీ అందరి గుట్లూ నా దగ్గరున్నాయి, ఆదివారం చర్చి ముందు నిలబడి ఒక్కొక్కటీ విప్పుతానని చెప్పొచ్చా. ఒక్కరు నోరిప్పితే ఒట్టు."

అప్పుడు ఇర్కాకి అర్థమైంది. వేసవంతా గేన్యా చోచా ఒక టక్కుతోనో రెండు టక్కులతోనో తీరని ప్రశ్న ఒక్కటీ అడగలేదు.

"నా ఎదెక్ పోయినప్పుడు సైకిలు మీద ఒకడొచ్చి కాగితం చేతిలో పెట్టి పోయాడు. నాకు చదువు రాదాయె. ఆ కాగితం పట్టుకుని ఈ వీధంతా తిరిగాను, చదివి చెప్పండమ్మా అని. చదివిన ప్రతివాళ్ళూ నా మొహం చూసి ఏడ్చారే గానీ ఏముందో చెప్పలేదు. నీ పిల్లకి అలా జరగనివ్వను. నోటితో చెప్తాను. కానీ ఎలా చెప్పాలే? నువ్వైనా చెప్పవే, ఇన్నాళ్ళూ పలకలేదుగా, ఈ ఒక్కసారి పలుకు."

ఇర్కా లేచింది. దుప్పటి ఈడ్చుకుంటూ నడవాలోకి వచ్చి తలుపు తీసింది. ఎండ కళ్ళలోకి కొట్టింది.

గేన్యా చోచా తిరిగి చూసింది. నోరు తెరిచింది, మూసింది. రెండు నాలుకల మనిషికి ఒక్క మాట రాలేదు.

"విన్నాను చోచా," అంది ఇర్కా. "నువ్వింక చెప్పక్కర్లేదు."

ఆవిడ అక్కడే పాలరాతి మెట్టు మీద కూలబడింది. ఇర్కాని దుప్పటితో సహా ఒళ్ళోకి లాక్కుంది. ఆ ఒళ్ళు టమాటా కంపు కొట్టింది, చెమట కంపు కొట్టింది, ఇర్కా అందులో మొహం పెట్టి ఏడ్చింది. వేసవంతా ఏడవకుండా దాచుకున్నది కూడా ఏడ్చేసింది. గేన్యా చోచా ఊరుకోమనలేదు. వెన్ను మీద బరువుగా చెయ్యి వేసి ఉంచింది.

"నాన్నకి తెలుసా?"

"తెలీదు. మిల్లుకి ఫోను చేస్తే ఆ కొలిమి హోరులో ఎవడో అరిచి చెప్తాడు. వద్దన్నాను. ట్రామ్ దిగి ఇంటికి రానీ."

ఇర్కా తలెత్తకుండానే అడిగింది. "ఇప్పుడు అత్త వస్తుంది కదా. నన్ను తీసుకుపోతుంది కదా."

గేన్యా చోచా ఆ మొహాన్ని పైకెత్తింది. ఏప్రన్ అంచుతో పిల్ల ముక్కు తుడిచింది.

పక్కింటి తలుపు తెరుచుకుంది. ఒకావిడ వచ్చి తన మెట్టు మీద కూర్చుంది. తర్వాత ఆ పక్కావిడ. తర్వాత ఎదురు వరస. తోమాష్ చెప్పి ఉంటాడు. ఎవరి చేతిలోనూ చిక్కుళ్ళు లేవు, కుట్టుపని లేదు. బడినుంచి వచ్చిన పిల్లలు సంచులు పట్టుకుని తల్లుల పక్కన ఒదిగి కూర్చున్నారు, ఒక్కడూ అల్లరి చెయ్యలేదు. పొద్దు వాలింది, మెట్లు లేత పసుపుకి తిరిగాయి. వీధి ఈ చివర్నుంచి ఆ చివరిదాకా ఆడవాళ్ళు అలా కూర్చునే ఉన్నారు.

మూల మీద ట్రామ్ ఆగింది. ఫ్లోరియన్ భోజనం డబ్బా చేత్తో పట్టుకుని మలుపు తిరిగి, ఆగిపోయాడు. పనిరోజు, అందరూ మెట్ల మీద, ఎవరూ మాట్లాడటం లేదు. తన ఇంటి వైపు చూశాడు. గేన్యా ఒళ్ళో కూతురు. ఆయన మొహంలో ముందు కనపడింది దుఃఖం కాదు, భయం. గుట్టు రట్టయిపోయింది, పిల్ల ఇక తనది కాదు అనే భయం. టోపీ తీసి, ఒక్కో అడుగే వేసుకుంటూ వచ్చాడు. ఆయన దాటుతుంటే ఒక్కో ఆడమనిషీ లేచి నిలబడింది.

గేన్యా చోచా కూడా లేచింది, ఇర్కాని చంకనెత్తుకునే. పదేళ్ళ పిల్లని చంటిపిల్లలా పట్టుకుని రెండడుగులు ఎదురు వెళ్ళింది.

"ఫ్లోరియన్, పిల్ల ఎక్కడికీ పోదు," అంది. "వీధంతా కలిసి ఎప్పుడో అనుకున్న మాట. క్లెమెంతీనా వస్తే నేను మాట్లాడతాను. ముందు ఇది విను నాయనా. మిగతాది తర్వాత చెప్తాను."